గోడంత బొమ్మ

టీవీ చెడిపోయి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులూ మా ఇంట్లో ఒకటే వాదన. మా అమ్మాయి మళ్లీ టీవీయే కొనాలంటుంది. మా ఆయన ప్రొజెక్టర్ కావాలంటారు. నేను ఎటూ చెప్పలేదు. నా గొడవ వేరు. ఆయన్ని ఒకసారి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ మాట ఎత్తితే చాలు, లేచి వెళ్లిపోతారు.

ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. మెట్ల కింద ఇరుకు కొట్టు, ఒక బల్ల, కుడికంటికి బిగించిన చిన్న భూతద్దం, ఎడమ కన్ను మూత. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. భోంచేస్తున్నా, పేపరు చదువుతున్నా ఎడమ కన్ను మూసే ఉంటుంది. "నాన్న మళ్లీ నీకు కన్ను కొడుతున్నాడే అమ్మా" అని అమ్మాయి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

టీవీ బాగున్న రోజుల్లో ఒకటి గమనించాను. మొదట సోఫాలో కూర్చుని చూసేవారు. తర్వాత కుర్చీ వేసుకున్నారు. తర్వాత ఆ కుర్చీ ముందుకి జరగడం మొదలుపెట్టింది. ఇల్లు తుడిచేటప్పుడు నేను వెనక్కి జరిపేదాన్ని. సాయంత్రానికి మళ్లీ ముందుకొచ్చేది.

"కళ్లు చూపించుకోండి ఒకసారి" అంటే, "వెంట్రుకంత స్ప్రింగు పట్టుకుని బిగించేవాడికి కళ్లు కనబడవంటావా?" అనేవారు. అదీ నిజమే. చూపు తగ్గిందని నలుగురికీ తెలిస్తే గడియారం చేతికిచ్చేవాడెవడు? అది ఆయన భయం. కొట్టుకి వెళ్లాలంటే రెండు పెద్ద రోడ్లు దాటాలి. అది నా భయం. ఆయన ఇంటికొచ్చేదాకా గుమ్మానికీ వంటింటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

శనివారం పొద్దున కాఫీల దగ్గర మళ్లీ మొదలైంది.

"పట్టపగలు ప్రొజెక్టర్‌లో ఏమీ కనబడదు నాన్నా. కిటికీలన్నీ మూసుకుని గుడ్లగూబల్లా కూర్చోవాలి" అంది అమ్మాయి.

"గోడంత బొమ్మ వస్తుందమ్మా. టీవీ ఎంత పెద్దదైనా ఆ గోడకి ఒక మూలకొస్తుంది."

"ఆ గోడకి పెచ్చులూడాయి. హీరోయిన్ బుగ్గమీద గుంట పడుతుంది."

"బుగ్గన సొట్ట పడితే అందమేగా."

"అమ్మా, నువ్వైనా చెప్పవే."

నేను గిన్నె తుడిచి అరలో పెట్టి, మళ్లీ అదే గిన్నె తీసి తుడుస్తున్నాను. "అంత బొమ్మ ఎందుకండీ మీకు?" అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టారు. "సరదా" అన్నారు.

పెళ్లి ఫోటోలో కూడా పక్కవాడి చేతి గడియారం వంక చూస్తున్న మనిషి. ఈ వయసులో సరదా ఎక్కడినుంచి ఊడిపడింది?

ముగ్గురం దుకాణానికి వెళ్లాం. ఒక గోడ నిండా టీవీలు, అన్నిటిలోనూ ఒకే చేప ఈదుతోంది. ఆయన అటు తిరిగైనా చూడలేదు. అమ్మే కుర్రాడు మమ్మల్ని నల్ల తెరలు కట్టిన చిన్న గదిలోకి తీసుకెళ్లి, కుర్చీల్లో కూర్చోబెట్టి, వెనకనున్న ప్రొజెక్టర్ వేశాడు. ఎదురుగోడ మీద ఫుట్‌బాల్ ఆట మొదలైంది. ఆటగాళ్లు మనిషెత్తున పరిగెడుతున్నారు.

"చూశారా సార్, ఎంత స్పష్టంగా ఉందో. మూలనున్న స్కోరు కూడా చదవొచ్చు" అన్నాడు కుర్రాడు.

ఆయన మెడ ముందుకి చాచారు. కాసేపటికి లేచి నిలబడ్డారు. నడుచుకుంటూ గోడ దగ్గరికెళ్లి, ఆ అంకెల మీదకి వంగారు. అలాగే ఆగిపోయారు.

"పోయింది" అన్నారు. "ఏమే, ఇక్కడంతా నల్లగా అయిపోయింది. నీకు కనబడుతోందా?"

ఒక్క క్షణం నాకూ అర్థం కాలేదు. కుర్రాడు నవ్వాడు. "అది మీ నీడే సార్. లైటుకి అడ్డం నిలబడ్డారు. కాస్త పక్కకి రండి."

ఆయన పక్కకి జరిగారు. అంకెలు మళ్లీ వచ్చాయి. ఆయన కూడా నవ్వారు గానీ, చెయ్యి ఇంకా గోడమీదే ఉంది. నవ్వబోయిన అమ్మాయి నా మొహం చూసి ఆగిపోయింది.

"పోనీ టీవీ చూడండి మేడమ్. దానికి నీడ పడదు" అన్నాడు కుర్రాడు.

"ఇవాళ ఏదీ వద్దు బాబూ." అమ్మాయిని అక్కడే చూస్తూ ఉండమని, ఆయన్ని బయట మెట్ల మీదకి తీసుకొచ్చాను.

"ఎన్నాళ్లయింది?"

"ఏది?"

"నేను మీ కొట్టుకొచ్చిన గిరాకీని కాదు, రేపు రా అనడానికి."

ఆయన రోడ్డువైపు తిరిగి మాట్లాడారు. "ఎడమది పూర్తిగా పోయింది. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఎప్పుడూ మూసే ఉంచేవాణ్ణి కదా. తాళం వేసిన గదిలో దొంగలు పడ్డట్టయింది."

"కుడిది?"

"ఆర్నెల్లుగా మంచు పట్టినట్టుంది. అద్దం పెట్టుకుంటే స్క్రూలు బాగానే కనబడతాయి. తీస్తే నువ్వు కూడా మసకే."

ఆ మూసిన కన్ను నేనూ రోజూ చూశాను. పనివాడి అలవాటనుకున్నాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక చేతిసంచీ జిప్పు తీసి వేస్తున్నాను.

"అందుకా ప్రొజెక్టరు?"

"గోడంత ఉంటే కూర్చున్నచోటినుంచే చూడొచ్చనుకున్నాను. కుర్చీ జరపక్కర్లేదు. నువ్వు అడగవు."

"ఆ మందుల షాపు పైన కంటి డాక్టరు బోర్డుంది. ఒంటిగంటదాకా ఉంటారట."

"అవతలి పక్కదా? ఇక్కడినుంచి చదివావా?"

"చదివాను."

ఆయన కుడికన్ను చికిలించి అటు చూశారు. "ఇక లాభం లేదంటే?"

"అప్పుడు ఏడుద్దాం. వినకముందే ఎందుకు?"

లోపలినుంచి అమ్మాయి వచ్చింది. "ఏమైంది? ఏది కొంటున్నాం?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన చేత్తో ఆపారు. "నాకు కళ్లు కనబడటం లేదమ్మా" అన్నారు. "ముందు అది చూపించుకుందాం."

అమ్మాయి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

రోడ్డు దాటడానికి అంచున నిలబడ్డాం. బస్సులు ఆగడం లేదు. నా కాలు ముందుకి పడుతోంది, వెనక్కి వస్తోంది. ఆయన మెల్లగా నా భుజం తట్టారు.

"నువ్వు నా ఎడమవైపుకి రా" అన్నారు.