ఇత్తడి పిడి

రేవులో అందరూ అతన్ని లేటుగాడు అంటారు. నిజానికి అతను పనికి ఆలస్యంగా వెళ్ళింది ఒక్కసారే, అదీ చేరిన మొదటిరోజు. సైకిలు పట్టుకుని అవతలి ఒడ్డున నిలబడిపోయాడు, ఎందుకంటే ఓడకి దారిస్తూ మధ్యకి విడిపోయి లేచే వంతెన రెండు రెక్కలూ ఆకాశంలో ఉన్నాయి. లేపింది పెద్దాయన, అప్పట్లో వంతెనకి ఆపరేటరు. ఓడ వెళ్ళిపోయాక కూడా దించకుండా తీరిగ్గా టీ తాగాడు. తర్వాత దించి, రొప్పుతూ వచ్చిన కుర్రాణ్ణి పదిమందిలో నిలబెట్టి, "ఏరా లేటుగాడా, ఇప్పుడా రావడం?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ పేరు జిడ్డులా అంటుకుంది.

పెళ్ళిలో ఎవడో ఆ పేరు పెట్టి కేకేస్తే అత్తగారు మొహం మాడ్చుకుంది. ఆ తర్వాత కొన్నేళ్ళకి కూతురు బడి నుంచి ఏడుస్తూ వచ్చి, "నాన్నా, నన్ను లేటుగాడి కూతురంటున్నారు" అంది. ఆ పూట అతనికి ముద్ద దిగలేదు. పెద్దాయనకి మాత్రం ఇవేవీ తెలియవు, తెలిసినా గుర్తుండవు. ఒకళ్ళని ఏడిపించేవాళ్ళకి ఆ మతిమరుపు ఎక్కణ్ణుంచి వస్తుందో గానీ, హాయిగా నిద్రపోతారు.

ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వంతెన పైగదిలో, రెక్కల్ని లేపే ఇత్తడి పిడిని ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. "ఇది నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి మాట వినదు" అని మీసం దువ్వేవాడు. ఆయన రిటైరయ్యాక మోటార్లు మార్చారు, పిడికి ఉన్న తీగలు కోసేశారు. లోపలి స్ప్రింగు మిగిలింది కాబట్టి లాగితే పాతరోజుల్లాగే బరువుగా ఉంటుంది, అంతే. ఇప్పుడు వంతెన లేవాలంటే ఒడ్డుమీది అద్దాల గదిలో పచ్చమీట నొక్కాలి. ఆ గదిలో కూర్చునేది లేటుగాడు.

వంతెనకి నూరేళ్ళు నిండాయని సభ పెట్టారు. ఇంజినీరమ్మ అతన్ని పిలిచి చెప్పింది.

"పెద్దాయన్ని రమ్మన్నాను. అందరి ముందూ ఆయన పిడి లాగుతారు. మీరు ఇక్కణ్ణుంచి చూస్తూ ఉండి, లాగగానే మీట నొక్కండి. తీగలు లేవని మాత్రం ఆయనకి చెప్పొద్దు. పెద్ద ప్రాణం, సంతోషపడనీ."

"అలాగే మేడమ్."

అప్పటికి అతని మనసులో ఏ దురాలోచనా లేదు. ఉంటే మీకు చెప్పేసేవాణ్ణి, దాచడం దేనికి?

సభ రోజు పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యనీ మనవరాలినీ వెంటబెట్టుకుని వచ్చాడు. పోతూ పోతూ అద్దాల గదిలోకి తల పెట్టాడు.

"ఏరా లేటుగాడా, బాగున్నావా? చూడు బంగారం, వీడే లేటుగాడు!"

పిల్ల చప్పట్లు కొట్టింది. "లేటుగాడు! లేటుగాడు!"

అతను నవ్వుతూనే దణ్ణం పెట్టాడు. లోపల మాత్రం భగ్గుమంది.

బళ్ళని ఆపే గేట్లు పడ్డాయి, సైరన్ మోగింది. పైగది కిటికీలో పెద్దాయన అరచేతులు రుద్దుకుని పిడి లాగాడు. మీటమీద వేలు పెట్టి లేటుగాడు ఊరుకున్నాడు.

వంతెన కదల్లేదు. పిడి చివరిదాకా రాలేదనుకున్నాడు కాబోలు, పెద్దాయన మళ్ళీ లాగాడు, ఈసారి రెండు చేతులతో. పైగదిలో మైకు పెట్టారు కాబట్టి పక్కనే ఉన్న పిల్ల మాట రేవంతా వినిపించింది. "తాతయ్యా, నీ మాట వినడం లేదా?"

ఫోన్ మోగింది. ఇంజినీరమ్మ. "ఏమైందండీ?"

"గేటు సిగ్నల్ అందట్లేదు మేడమ్, చూస్తున్నా" అన్నాడు. గొంతు కొంచెమైనా తడబడలేదు.

పెద్దాయన ఒళ్ళంతా పిడిమీద వేసి వేలాడాడు. కాలు జారింది. కింద గుంపులోంచి ఎవడో "తాతా, పాలు తాగొచ్చి లాగు!" అని అరిచాడు. నవ్వులు గుప్పుమన్నాయి. ఆయన భార్య తల దించుకుంది. చివరికి పెద్దాయన పిడి వదిలేసి, మొహం తుడుచుకుంటూ వెనక్కి జరిగాడు.

అప్పుడు లేటుగాడు మీట నొక్కాడు. రెండు రెక్కలూ హాయిగా లేచాయి.

మీట దగ్గర ఆలస్యమైందని ఇంజినీరమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే పిడి ఉత్తదని కూడా చెప్పాలి. అతిథులతో కారెక్కి వెళ్ళిపోయింది.

వంతెన రెక్కలు కిందికి దిగాక పెద్దాయన భార్యనీ మనవరాలినీ మెట్ల దగ్గర నిలబెట్టి, ఒక్కడే అద్దాల గదికి వచ్చాడు.

"బాబూ," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ పిలుపు ఇదే మొదటిసారి. "ఎవరికీ చెప్పను, నాకొక్కడికే చెప్పు. మిషన్ మొరాయించిందా, నేనే లాగలేకపోయానా?"

మిషన్ అంటే సరిపోయేది. ముసలాయన గుండె కుదుటపడి ఇంటికి పోయేవాడు. ఆ సంగతి లేటుగాడికి బాగా తెలుసు.

"మిషన్‌కేమండీ, బ్రహ్మాండంగా ఉంది. మీరు వదలగానే ఇక్కడ మీట నొక్కితే లేచింది కదా! మీ చేతిలో పట్టు పోయింది."

పెద్దాయన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "అంతేనంటావా?"

"అంతేనండీ."

ఆయన మెట్లు దిగాడు. పిల్ల వెనక్కి తిరిగి, "టాటా లేటుగాడా!" అంది.

"తప్పమ్మా," అన్నాడు పెద్దాయన. "పెద్దవాళ్ళని అలా అనకూడదు. అంకుల్ అనాలి."

గేట్లు లేచి బళ్ళు ఒకదాని వెనక ఒకటి దూసుకొస్తున్నాయి. రోడ్డు దాటడానికి పిల్ల అలవాటుగా తాత చేతికోసం చెయ్యి చాచింది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నానమ్మని పట్టుకో బంగారం. నా చేతికి పట్టు లేదు."

లేటుగాడు తలుపు వేసుకుని, మధ్యాహ్నం భోజనం కోసం తెచ్చుకున్న క్యారేజీ విప్పాడు. ఆ పూట ముద్ద బాగానే దిగింది.