హైసా కేక

సత్తియ్య నడుము విరిగిన చప్పుడు నేను విన్నాను. నా కుట్టుమిషను షావుకారు సన్యాసిరావు బెల్లం కొట్టుకి ఎదురుగానే ఉంటుంది. బెల్లం కరిగి జిగురైన నేల మీద కాలు జారి, వీపు మీది బస్తాతో సహా పడ్డాడు. షావుకారు బయటికొచ్చి ముందు బస్తాని చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. "పడి నెగవలేనోడు రేపట్నించి రానక్కర్లేదు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అనాల్సిన అవసరం ఆయనకు అంతవరకూ రాలేదు.

అరవై ఏడో సంవత్సరం మార్చి, బెల్లం సీజను. ఆ కొట్టులో బస్తాలు మోసే కలాసీలు నలభై మంది సాయంత్రం నా షాపు ముందు చేరారు. సత్తియ్యకి కూర్చుని గోనెలు కుట్టే పని ఇమ్మని అడగాలి. ఆ పని దొరక్కపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఎవరు అడుగుతారు? అందరూ పరదేశి వైపు చూశారు. సత్తియ్య పెళ్లాం పైడితల్లికి అతను అన్న, గొంతు కూడా పెద్దది.

అప్పటికే నాకు యాభై దాటాయి. యూనియన్ మీటింగుల్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. షావుకారు ముందు ఎలా నిలబడి అడగాలో మళ్లీ మొదట్నించీ ఒకడికి నేర్పాలంటే ఓపిక లేదు, అయినా నేర్పాను. మూడు సాయంత్రాలు పరదేశిని నా అద్దం ముందు నిలబెట్టాను.

"తువ్వాలు సంకలో పెట్టకు, బుజం మీదే ఉండనీ. సేతులు కట్టుకోకు. ఆడి కళ్లలోకి సూడు. మాట పొట్టలోంచి రావాల."

"ఇలా నిలబడితే నడుం పీకేత్తంది, జిలానీ మామా."

"అలవాటు లేక. ఓర్చుకో."

నిటారుగా నిలబడితే తనింత పొడుగని పరదేశికి అప్పుడే తెలిసింది. అద్దంలో చూసుకుని సిగ్గుపడ్డాడు.

నాలుగో రోజు అందరం వెళ్లాం. పరదేశి ముందు నిలబడ్డాడు. తువ్వాలు తియ్యలేదు. "సత్తియ్యకి కూకునే పని ఇయ్యాల. బిచ్చానికి రానేదు బాబూ, అడగడానికొచ్చేం" అన్నాడు. కొట్లో గుమస్తాలు లెక్కల పుస్తకాల మీంచి తలలెత్తారు. షావుకారు అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. పరుపు మీంచి లేవకుండానే, నవ్వుతూ, "హైసా!" అని కేకేశాడు.

బస్తా ఎత్తేవాళ్లు వేసే కేక అది. అది వినగానే మోసేవాడు వీపు పట్టాలి, తడుముకుంటే బరువు మెడ మీద పడుతుంది. పరదేశి గిరుక్కున వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి వంగిపోయాడు. వీపు మీద ఏమీ లేదు. గుమస్తాలు విరగబడి నవ్వారు. మా వెనకవాళ్లలో పదిమంది వంగడం కూడా నేను చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్లని చూసి కాదు, నా అద్దాన్ని తలుచుకుని.

"నాను పనికిరాను మామా. నా నడుం నా మాట ఇన్దు" అని పరదేశి నా అరుగు మీద కూలబడ్డాడు. మిగతావాళ్లు తువ్వాళ్లు దులుపుకుని ఇళ్లకి బయల్దేరబోయారు.

మా వెనకే వచ్చిన పైడితల్లి మాత్రం ఊరుకోలేదు. "బస్తా ఎత్తినప్పుడు దాని కింద ఒకడి మణికట్టు ఒకడు పట్టుకుంటారు గదా అన్నా! షావుకారు కాడికెళ్లినప్పుడు ఎవుడి సేతులు ఆడికేనా? నిన్నొక్కడినీ ముందుకి తోసేసి ఈళ్లందరూ ఎనకాల దాక్కున్నారు. మరి వంగవేటి?"

యాభై ఏళ్లొచ్చిన నాకు ఆ మాట తట్టలేదు. కాలేజీల్లో ఎవరైనా ఇది నేర్పుతారేమో నాకు తెలీదు.

మర్నాడు పొద్దున్నే కొట్టు గుమ్మానికి అడ్డంగా నలభై మందీ ఒకే వరసలో నిలబడ్డారు, మణికట్టుకి మణికట్టు పట్టుకుని. చివరన పైడితల్లి, ఆమె పక్కన నేను. ఆగిపోయిన బళ్ల మీద బెల్లం ఎండకి చెమటోడుతోంది.

"హైసా!" అన్నాడు షావుకారు.

వరస కదిలింది. పరదేశి మోకాళ్లు వంగాయి. అటూ ఇటూ ఉన్నవాళ్లు పైకి లాగి పట్టారు. ఎవరూ నేలకి వంగలేదు.

"హైసా!" అని మళ్లీ అరిచాడు. ఈసారి గొంతు చీలింది. మూడోసారి అరవలేదు. పోలీసులకి కబురు పెట్టాడు.

లాఠీలతో మణికట్ల మీదే కొట్టారు. పరదేశి ఎడమ చెయ్యి విరిగింది. అతన్నీ మరో ఎనిమిది మందినీ వ్యానెక్కించారు. సత్తియ్యకి పని అప్పటికీ రాలేదు. నాకైతే ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది, అంత అలిసిపోయాను.

ఆ సాయంత్రం షాపు మూస్తుంటే పక్క కొట్టు కలాసీలు పాతిక మంది వచ్చారు. లోపలికి రమ్మని అద్దం మీది గుడ్డ తీయబోయాను.

"అద్దం అక్కర్లేదు మామా" అన్నాడు ముందున్నవాడు. "పైడితల్లి ఇల్లెక్కడ?"