గడ్డి కింద పొట్టేలు

"ఆగండి పత్రోన్, దానికి పిల్లలున్నాయి!"

గొర్రెల కాపరి ఎదెల్మిరా గుసగుసగా అంటూ తుపాకీ గొట్టాన్ని పక్కకు నెట్టింది. యజమాని దోన్ బల్దొమేరో మళ్ళీ గురిపెట్టాడు. ఎదురుగా రాళ్ళ మీద ఆడ పూమా, దాని వెనక రెండు మచ్చల కూనలు.

"ఉంటే? నా పొట్టేలుని చంపినందుకు ముద్దుపెట్టుకోనా? సంతలో పతకం కొట్టిన పొట్టేలు అది!"

వాళ్ళకీ పూమాకీ మధ్య గడ్డి కుప్ప. అందులోంచి మెలితిరిగిన పొట్టేలు కొమ్ము ఒకటి పొడుచుకొచ్చింది. పూమా చంపినదాన్ని గడ్డి కప్పి దాచుకుంటుంది, మళ్ళీ వచ్చి తింటుంది. మనిషి వాసన తగిలితే రాదు. అందుకే పటగోనియా వేటగాళ్ళెవరూ కుప్పను ముట్టుకోరు. బల్దొమేరో కూడా దూరం నుంచి కొమ్ము చూసి, తుపాకీ తెచ్చుకుని గాలికి ఎదురుగా మాటువేశాడు. ఎదెల్మిరా మాత్రం ఈ పూమాను కూనగా ఉన్నప్పటినుంచీ చూస్తోంది. చావనివ్వదలుచుకోలేదు.

పూమా పిట్టలా సన్నగా ఈల వేసింది. కూనలు గెంతుకుంటూ వచ్చాయి. తల్లి కుప్పను వాసనైనా చూడకుండా దాటిపోయింది. ఒక కూన కొమ్ముతో కాసేపు ఆడి, తుమ్మి, తల్లి వెనక పరుగెత్తింది.

"పాలిచ్చే తల్లి తన తిండిని వదిలేసి పోతుందా?" అంటూ ఎదెల్మిరా లేచింది. పూమా రాళ్ళ చాటుకు మాయమైంది.

"చెడగొట్టావు కదే!"

ఆమె అప్పటికే కుప్ప దగ్గరుంది. నేల మీద గోళ్ళతో గీరిన చారలు లేవు. గడ్డి మొదళ్ళు నున్నగా తెగి ఉన్నాయి. చేత్తో తీసేసింది. కింద తల, పక్కనే చక్కగా మడిచిన తోలు. మాంసం ముక్క లేదు.

"పూమాకి కత్తి ఎవరిచ్చారు పత్రోన్?"

"దొంగవెధవ! ఎవడో చెప్పు, వాణ్ని..."

"ముందు తుపాకీ కింద పెట్టండి. ఆ మధ్య బట్టలారేస్తుంటే ఇంట్లో పెద్దావిడని కుమ్మి బురదలో పడేసింది ఈ పొట్టేలేగా?"

"అయితే?"

"పూమాల వేటలో మీ నాన్నగారి పక్కన తిరిగిన మనిషి ఆవిడ. నిన్న ఆవిడ పుట్టినరోజు విందులో 'కాస్త ముదురే గానీ భలే రుచి' అంటూ మళ్ళీమళ్ళీ వడ్డించుకున్నదెవరు? ఆ మాంసం పక్క ఎస్టేటువాళ్ళు పంపారని చెప్పిందెవరు?"

బల్దొమేరో నాలుక పంటి సందులో ఇరుక్కున్న పీచును తడిమింది. మొహం ఎర్రబడింది, తర్వాత భుజాలు అదిరాయి. నవ్వు ఆపుకోలేక గడ్డిలో కూలబడ్డాడు. రాళ్ళ వెనక మళ్ళీ ఈల వినిపించింది.

"మా అమ్మ!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "చంపింది మా అమ్మే!"