సరంగు నోరు విప్పిన రోజు

సరంగుకూ ఇంజను మేస్త్రికీ ఆరేళ్లుగా మాటల్లేవు. పోనీ పరాయివాళ్లా అంటే కాదు, సాక్షాత్తూ బావా బావమరుదులు! "ఓడ నడిపేది నేను, నువ్వు బొగ్గు మేపేవాడివి" అని సరంగు ఓసారి పదిమందిలో అన్నాడు. అంతే, మేస్త్రి మూతి ముడుచుకున్నాడు. ఇంట్లో ఇద్దరి మధ్యా రాయబారాలు మోసీ మోసీ మేస్త్రి అక్కకి ఓపిక చచ్చింది. సరుకుల ఓడ మీద మాత్రం ఏ ఇబ్బందీ లేదు. పైన సరంగు తీగ లాగితే కింద గంట మోగుతుంది. ఒక గంటయితే నడుపు, రెండయితే ఆపు, మూడయితే పని అయిపోయింది, పైకి రా. మూడు గంటలు వినకుండా మేస్త్రి ఇంజను వదిలిన పాపాన పోలేదు.

ఆ మధ్యాహ్నం తుఫాను ఆ ముసలి ఓడను ఎత్తి రాతిగుట్టకేసి కొట్టింది. అడుగు పగిలింది, గంట తీగ తెగింది. పడవ దింపారు. మేస్త్రి తప్ప అందరూ పైకొచ్చారు.

వంటవాడు కిందికి పరిగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చాడు. "మోకాలి లోతు నీళ్లలో నిలబడి పంపు ఆడిస్తున్నాడండీ! గంట కొట్టలేదుగా అంటాడు. తీగ తెగిందయ్యా, సరంగుగారు రమ్మంటున్నారు అంటే, ఆయనకు నోరు లేదా అంటాడు!"

"వాడి పొగరు తగలెయ్య!" అన్నాడు సరంగు. అన్నాడే గానీ గుండె జారిపోయింది. నీళ్లు మోకాళ్ల దగ్గర ఆగుతాయా? తమ్ముడేడీ అని ఇల్లాలు అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఆమె సంగతి అలా ఉంచి, వాడే లేకపోతే ఇక తను ఎవరితో మాట్లాడకుండా ఉండాలి?

జారుతూ, పట్టుకుంటూ ఇనప మెట్లు దిగాడు. నీళ్లు అప్పటికే మేస్త్రి నడుము దాకా వచ్చాయి. సరంగు గొంతు కీచుమంది.

"ఒరేయ్, ఇన్నాళ్లూ ఓడ నడిపింది నువ్వేరా! తప్పు నాది. ఇక పైకి రారా నాయనా!"

మేస్త్రి వెనక్కి తిరిగాడు. "ఈ ముక్క అనడానికి ఓడ ములగాలా బావా?" అంటూ చకచకా మెట్లెక్కాడు.

పడవ గుట్ట చాటుకు చేరిందో లేదో మొదలుపెట్టాడు. ఆనాడు పదిమందిలో అన్న మాట, ఆ మరుసటేడు పెళ్లిలో ఎదురుపడి పలకరించకపోవడం, ఆపైన అంటగట్టిన నాసిరకం బొగ్గు, ఒక్కటీ వదల్లేదు. సరంగు ఊరుకుంటాడా? కళ్లు తుడుచుకుంటూనే ఒకటికి రెండు అంటించాడు. తెడ్లు వేసేవాళ్లు నవ్వలేక చచ్చారు.

ఒడ్డు తగిలాక వెనక్కి చూస్తే ఓడ లేదు. ఎప్పుడు మునిగిందో ఎవరూ చూడలేదు. బావా బావమరుదులు ఇంకా మూడో ఏటి తగువులోనే ఉన్నారు.