బసవపున్నయ్య బొటనవేలు

స్లైడు మీది పల్చని గాజుబిళ్లపై మడిచిన బ్లాటింగ్ పేపరు వేసి, బసవపున్నయ్య బొటనవేలు ఆనించాడు. ఊపిరి బిగబట్టి ఐదు లెక్కపెట్టాడు. గాజు వెంట్రుకవాసి పక్కకి జరిగినా లోపలి కణాలు నుజ్జయిపోతాయి. జరగలేదు. ఇరవై రెండేళ్లుగా జరగలేదు.

ఆ వేలు చూసి తీరవలసిందే. కొస చదునై పలకలా ఉంటుంది. స్లైడ్లకు వేసే రంగు చర్మపు గీతల్లోకి దిగి, ఏ సబ్బుకీ వదలని ఊదా మచ్చగా నిలిచిపోయింది. ఆర్మీ ఆసుపత్రిలో పదహారేళ్లు రక్తపు స్లైడ్లు చేసి, పింఛను పుచ్చుకుని, ఈ యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో టెక్నీషియనుగా చేరాడు. పొద్దున్నే జనక్‌పురిలో బస్సెక్కడం, ధౌలా కువాన్‌లో దిగడం, రోడ్డు పక్క జిల్లేడు మొక్కల మీది ఎర్రనల్లులనే పురుగులను సీసాలోకి పట్టుకుని లాబ్‌కి రావడం. 1995 జూలై ఆఖరి రోజునా అలాగే వచ్చాడు. సాయంత్రం ఐదింటికి అతని రిటైర్మెంటు.

పదింటికి సాత్విక పరుగున వచ్చింది. మయూర్ విహార్ పిల్ల, తెలుగులో హిందీ కలుస్తుంది. ఐదేళ్ల పరిశోధనకు ఆరోజే ఆఖరి పరీక్ష.

“అంకుల్, హైదరాబాద్ నుంచి ఎగ్జామినర్ వచ్చేశారు. రిపోర్ట్ బహుత్ ఖరాబ్ రాశారు.”

“ఏం రాశాడు తల్లీ?”

ఆ పిల్ల చెప్పలేక చెప్పింది. మగ నల్లులకు కిరణాలు పట్టిస్తే వాటి క్రోమోజోములు విరిగాయి. విరిగిన ముక్కలు పోకుండా కొడుకులకు చేరాయి. మామూలు నల్లికి పద్నాలుగు క్రోమోజోములు, ఆ కొడుకులకు పదిహేను. ఇదీ ఆమె కనిపెట్టింది. ఆ పదిహేనోది కిరణాల వల్ల వచ్చింది కాదనీ, స్లైడు నొక్కినవాడి మోటు చేతికి విరిగిందనీ పరీక్షకుడి అనుమానం.

“థీసిస్ వాపస్ పంపేస్తారు, అంకుల్.”

బసవపున్నయ్య తన వేలు చూసుకున్నాడు. గోడ బీరువాలో ఆ వేలు నొక్కిన స్లైడ్ల మీద పదకొండు థీసిస్‌లు నిలబడి ఉన్నాయి. ఆ మాట నిలిస్తే అన్నిటికీ మచ్చే. రేపు వచ్చి జవాబు చెబుదామంటే రేపు అతనికి ఇక్కడ కుర్చీ లేదు.

పదకొండింటికి పిలుపు వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ పార్థసారథి మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, కళ్లజోడు తాడుతో మెళ్లో వేలాడుతోంది.

“ఇవన్నీ నొక్కింది నువ్వేనా?”

“నేనేనండి.”

“చెయ్యి బరువులా ఉంది.”

“బరువేనండి. తేలిగ్గా నొక్కితే ఒకదాని మీద ఒకటి పడుకుని లెక్కకి రావు. కానీ వేలికి విరిగేదైతే ఒక్కో కణంలో ఒక్కోటి విరగాల గదండీ. అన్నిట్లోనూ ఆ ఒక్క పొడుగుదే ఎందుకు విరుగుద్ది?”

“చెయ్యి ఒకటే కదయ్యా. దాని అలవాటూ ఒకటే కావచ్చు.”

“అయితే తమరే నొక్కండి.”

సాత్విక నేల చూపులు చూసింది. పార్థసారథి కళ్లజోడు పెట్టుకుని అతన్ని మొదటిసారి పరకాయించి చూశాడు. “తే, చూద్దాం.”

రెండు డబ్బాల్లోంచి ఒక్కొక్క నల్లిని తీసి సాత్విక ఇచ్చింది. ఏది మామూలుదో, ఏది కిరణాలు తగిలినదాని కొడుకో ఆమెకొక్కదానికే తెలుసు. డబ్బాల పేర్ల మీద కాగితం అంటించింది. బసవపున్నయ్య సూదులతో కోసి, రంగు పట్టించి, అరగంటలో స్లైడ్లు ముందు పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ప్రొఫెసర్ నొక్కాడు. టప్పున గాజుబిళ్ల పగిలింది.

“పక్కకి పోనీకండి. కిందికి పొమ్మనండి,” అన్నాడు బసవపున్నయ్య, పిల్లవాడికి సైకిలు నేర్పుతున్నట్టు.

రెండో ప్రయత్నం కుదిరింది. మూడోదీ కుదిరింది. పార్థసారథి కన్ను ఆనించాడు. పెదవులు కదిలాయి.

“ఇందులో పద్నాలుగు.”

స్లైడు మార్చాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఇంకో కణం. మరో కణం.

“పదిహేను... పదిహేను... ఇక్కడా పదిహేనే.”

స్లైడును మెల్లగా జరుపుతూ పోయాడు. ఒక కణం సరిగ్గా రెండుగా చీలబోతూ దొరికింది. క్రోమోజోములు రెండు గుంపులై చెరొక కొసకు నడుస్తున్నాయి. ఆ పొట్టి ముక్క కూడా, ఎవరూ పిలవకుండానే, రెండు గుంపుల్లోనూ నడుస్తోంది. రంగు పట్టేసరికే కణం చచ్చిపోతుంది; ఆపైన వేలు విరిచిన ముక్క నడవదు.

సాత్విక కాగితాలు ఊడదీసింది. పద్నాలుగు మామూలు నల్లి. పదిహేను కొడుకు.

“ఎందుకిలా నడుస్తుందో తెలుసా నీకు?” అడిగాడు ప్రొఫెసర్.

“ఉల్లిపాయలో క్రోమోజోము గేదె లాంటిదండి. ముక్కుతాడు ఒక్కచోటే. అది లేని ముక్క ఎక్కడిదక్కడే పడుంటది. ఈ నల్లిది జెర్రి. ఒళ్లంతా కాళ్లే. మధ్యకి తెంపినా రెండు ముక్కలూ పోతాయి.” సూది తుడిచి జేబులో పెట్టుకున్నాడు. “మా పొలంలో తుంగకీ ఇదే కతంటండి, ఈ అమ్మాయి చదివి చెప్పింది.”

పార్థసారథి నవ్వాడు. “నిజమే. ముక్కలు బతికిపోతే, తరతరాలకీ లెక్క మారుతూనే ఉంటుంది. దగ్గరి చుట్టాలైన తుంగలకి కూడా ఒకదాని లెక్క ఇంకోదానికి లేనిది అందుకే. అమ్మాయ్, ఈ సంగతి ఆఖరి అధ్యాయంలో ఇంకొంచెం గట్టిగా రాయి.” తర్వాత రిపోర్టు ముందుకు లాక్కున్నాడు. “బసవపున్నయ్యగారూ, మీ పెన్ను ఒకసారి ఇస్తారా?”

ఆ గారూ అన్న మాట విని బసవపున్నయ్య తడబడి, పెన్ను బదులు జేబులోంచి సూది తీశాడు. సాత్విక ఫక్కున నవ్వింది. చేతి బరువు గురించిన వాక్యాన్ని ప్రొఫెసర్ రెండు గీతలతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు.

ఐదింటికి బసవపున్నయ్య బీరువా తాళాలు సాత్విక చేతిలో పెట్టాడు.

“అంకుల్, సమోసాలు తెప్పించాను. రుకియే నా, తిని వెళ్లండి.”

“మీ ఆంటీ పొద్దుటి నుంచీ బొబ్బట్లు చేస్తోంది. కడుపు ఖాళీగా రమ్మంది.” టిఫిను డబ్బా చంకన పెట్టుకున్నాడు. “పదిహేనో దాన్ని జాగ్రత్తగా చూసుకో, డాక్టరమ్మా.”

ఇంత ఛాతీ చేసుకుని, పెరేడ్ నడకతో, వెనక్కి చూడకుండా మెట్లు దిగి బస్సుకోసం వెళ్లిపోయాడు.

బల్ల మీద, పొద్దున నాలుగు మడతలు పెట్టిన బ్లాటింగ్ పేపరు అలాగే ఉంది. దాని నడుమ, గీతగీతా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా, ఊదారంగు బొటనవేలి ముద్ర.