మెయిన్ దించే వేళ

రెండువేల ఇరవై అయిదు సెప్టెంబరు తొమ్మిది. ఆ పొద్దున జగన్నాధం చోడి అంబలి, అంటే రాగి జావ, తాగాడు. నంజుకోడానికి ఆవకాయ డొక్క. తేదీ గుర్తుండిపోవడానికి దాలమ్మ కారణం. ఆవకాయ గుర్తుండిపోవడానికి మాత్రం వేరే కారణముంది. ఆ జాడీ శత్రువు ఇంటి నుంచి వచ్చింది.

శత్రువంటే పరాయివాడు కాడు. చనిపోయిన భార్య రేఖకు స్వయానా అన్న, ధనరాజ్. టెక్కలి బజారులో ఆయనది ఎరువుల కొట్టు. ఆ కొట్టు మీద ఉన్న గదిలోంచే జగన్నాధం ఊరి కేబుల్ ఛానెల్ నడుపుతాడు. రేఖ ఉన్నన్నాళ్ళూ బావా బావా అంటూ ఒకే కంచంలో తిన్నట్టే ఉండేవాళ్ళు. ఆమె పోయాక పలకరింపులు పొడిబారాయి. ఆగస్టులో అవీ పోయాయి.

యూరియా కోసం రైతులు కొట్టు ముందు బారులు తీరిన రోజులవి. "బస్తాలు లోపలెట్టి లేవంటావేటి?" అని ఒకాయన ధనరాజ్ చొక్కా పట్టుకున్నాడు. జగన్నాధం మేడ మీంచి అదంతా కెమెరాతో తీసి, సాయంత్రం ఛానెల్లో వేశాడు. వార్త కదా అనుకున్నాడు. మర్నాడు ధనరాజ్ మెట్ల దగ్గర నిలబడి, "నా మేడెక్కి నా మొహమ్మీదే ఉమ్మినావురా" అని బజారంతా వినేలా అన్నాడు. ఆ మాటలో కొంత నిజముందేమోనని జగన్నాధానికి అప్పుడప్పుడు అనిపించేది. వేసే ముందు ఒక్కసారి కిందికి దిగి, "నువ్వేమంటావు బావా?" అని అడిగి ఉండవచ్చు.

అంత గొడవ నడుస్తున్నా, ధనరాజ్ భార్య దేవి పెరటి గుమ్మం దగ్గర కొత్తావకాయ జాడీ చేతిలో పెట్టింది. "మీ బావకి తెలీనీకండి అన్నయ్యా" అంది.

ఇక దాలమ్మ. నౌపడ ఉప్పు కొఠార్లలో పగలంతా పని చేసి, రాత్రిళ్ళు జముకు వాద్యం మోగుతుండగా జముకుల కథ పాడి చెప్పిన మనిషి. రెండేళ్ళ కిందట జాతరలో ఆమె తెల్లవార్లూ చెప్పిన కథను జగన్నాధం పూర్తిగా రికార్డు చేశాడు. ఆ తర్వాత ఆమెకు గొంతులో పుండు లేచింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి బతికించారు. గొంతు మాత్రం మిగల్లేదు. ఇప్పుడు ఆమె మాట్లాడితే ఎండుటాకు మీద గాలి పోయినట్టు ఉంటుంది. రేపు శ్రీకాకుళంలో వృద్ధ కళాకారుల పింఛనుకు మనుషుల్ని చూస్తారు. పాడగలిగినవాళ్ళు పాడాలి, పాడలేనివాళ్ళు పాడినది చూపించాలి. దాలమ్మ పాడినది లోకం మొత్తం మీద ఒక్కచోటే ఉంది, జగన్నాధం గదిలోని కంప్యూటర్లో. రెండో కాపీ తీసి పెట్టాలని అతను అనుకుంటూనే ఉన్నాడు.

ఆ పొద్దున ఛానెల్లో ఆ కథే పెట్టాడు. అయిపోతే మళ్ళీ మొదటికి వచ్చేలా పెట్టి, బస్టాండు దగ్గర తెగిన కేబుల్ అతికించడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అతని కుర్చీలో ధనరాజ్ కూర్చుని ఉన్నాడు.

"సుబ్బరం సేసినాను," అన్నాడు ధనరాజ్, చేతులు దులుపుకుంటూ.

"ఏం చేశావు బావా?"

"కంప్యూటర్ కొన్నది నాను. అందులో సెత్తా నాదే. నా మీద తీసిన బొమ్మేదో, నీ భజనేదో నాకేటి తెలుసు? అన్నీ ఊడ్సీసినాను. సెత్తబుట్ట కూడా కాళీ."

"అందులో దాలమ్మ కథ ఉంది. రేపు ఆమె..."

"ఆవిడెవులు నాకు?"

"నా మీద కోపం నా మీద చూపించు బావా."

"బావా అనకు. సెల్లి పోనాది, సుట్టరికం పోనాది. రాత్రికి గది కాళీ సెయ్యి. రేపు నీ మొహం ఈ మెట్ల మీద కనబడితే బజార్లో పెట్టి అడుగుతాను."

ధనరాజ్ దిగిపోయాడు. జగన్నాధం ఫోల్డర్ తెరిచి చూశాడు. ఊడ్చిన వాకిలిలా ఉంది.

దాలమ్మకు ఏమని చెప్పాలో తెలియక కూర్చుని ఉండగానే దాలమ్మ మెట్లెక్కి వచ్చింది. కొంగు ముడి విప్పి కొత్త పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది.

"కింద టీ కొట్టోడు నా కాడ డబ్బులొద్దన్నాడు బాబూ," అంది గుసగుసగా, నవ్వుతూ. "టీవీలో ఉన్నావు గదా, నీ కాడ ఏటి తీసుకుంటానన్నాడు. ఇప్పుడే యుద్ధం కాడికొచ్చినాది కథ."

"ఎప్పుడు చూశావమ్మా?"

"ఇప్పుడే. టీ తాగతా సూసినాను."

జగన్నాధం చటుక్కున మూలనున్న టీవీ వైపు తిరిగాడు. తెర మీద దాలమ్మ కాలికి గజ్జె కట్టి ఊగుతోంది. వెనక జముకు గురగురమంటోంది. ఫోల్డర్లో లేని కథ ఊరంతా ఆడుతోంది.

అతను గబగబా డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూశాడు. అన్నీ చెరిపేశాక ఉండాల్సినంత ఖాళీ లేదు. ఒక పెద్ద ఫైలు చోటు ఇంకా ఎవరో ఆక్రమించుకునే ఉన్నారు. బి.ఎస్సీ.లో చదివింది కాదు, తర్వాత తనంతట తాను నేర్చుకున్నది, అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

డిస్కు దగ్గరికి ఏ ప్రోగ్రామూ నేరుగా వెళ్ళదు. మధ్యలో, కంప్యూటర్‌ను లోపల్నుంచి నడిపే కెర్నెల్ ఉంటుంది. ఫలానా ఫైలు కావాలని ప్లేయర్ అడిగితే, అది ఎక్కడెక్కడ ముక్కలుగా ఉందో ఫైల్ సిస్టమ్ అనే చిట్టాలో చూసి, డిస్కుతో డిస్కు భాషలో మాట్లాడి తెచ్చి పెట్టేది కెర్నెలే. చెరిపెయ్యమంటే అది ముందు పేరు కొట్టేస్తుంది. సరుకును మాత్రం, తెరిచి పట్టుకున్నవాడు ఇంకొకడుంటే, వాడు వదిలేదాకా కదిలించదు.

జరిగిన సంగతి దాచకుండా, ఇదంతా దాలమ్మకు తెలిసే మాటల్లో చెప్పాడు.

"కొఠారు మేస్త్రీలాగన్నమాట. కూలీల పట్టీలో పేరు కొట్టీసినా, సేతిలో పార ఉన్నంతసేపూ మడిలోంచి లెగమనడు."

"అంతేనమ్మా. ప్లేయర్ చేతిలో పార ఇంకా ఉంది. దాన్ని ఆపినా, కరెంటు పోయినా జారిపోతుంది."

కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోయి మూలన పడి ఉంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

పెన్‌డ్రైవ్ గుచ్చాడు. కెర్నెల్ కొత్త పరికరం వచ్చిందని గుర్తుపట్టింది. అయితే ఆ పెన్‌డ్రైవ్‌లో కొన్నప్పుడు వేసి ఉన్న ఫైల్ సిస్టమ్ పాతకాలపుది, ఇంత పెద్ద ఫైలును అది మొయ్యదు. దాన్ని తుడిచేసి వేరే పద్ధతిలో కొత్తగా కట్టాడు. దాలమ్మ చూస్తూ, "గట్లు తెంపి మడులు కొత్తగా కడతన్నావు," అంది. ఆ తర్వాత, ఏ ప్రోగ్రాము ఏ ఫైలు పట్టుకుని ఉందో కెర్నెల్ చూపించే చోటికి వెళ్ళి, పేరు లేని ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యమన్నాడు. తెర మీద గీత బియ్యపు గింజంత కదిలింది. పెన్‌డ్రైవ్ చవకరకం. నత్త దానికన్నా నయం.

మధ్యాహ్నమంతా కింద నుంచి ధనరాజ్ గొంతు వినిపిస్తూనే ఉంది. "సామాన్లు సర్దుతన్నావా, పాటలింటన్నావా?" అని ఒకసారి. "మా సెల్లి దయ వల్ల తిన్నావు ఇన్నాళ్ళు," అని ఇంకోసారి, కొనుగోలుదారులు నలుగురూ వినేలా. జగన్నాధం బదులివ్వలేదు. ఇస్తే ఆయన పైకి వస్తాడు. వస్తే తెర చూస్తాడు.

దీపాల వేళ దాటింది. అప్పుడు పట్టుకుంది అతనికి అసలు భయం. ధనరాజ్ తండ్రి కూర్మయ్య రోజుల్లో వైర్లు అంటుకుని గోనెసంచుల గొడౌను బూడిదైంది. అప్పటి నుంచీ ఆ కొట్టులో ఒక ఆచారం. రోజూ రాత్రి కొట్టు కట్టే ముందు లక్ష్మీదేవి పటానికి కర్పూరం వెలిగించి, గంట కొట్టి, మేడకంతటికీ ఉన్న మెయిన్ స్విచ్ ధనరాజ్ తన చేత్తో దించాలి. పెళ్ళిలో ఉన్నా వచ్చి దించేవాడు. జ్వరంలోనూ దించాడు. రేఖ పోయిన రోజున కూడా శ్మశానం నుంచి తిన్నగా వచ్చి మెయిన్ దించి, అప్పుడు ఇంటికెళ్ళి స్నానం చేశాడు.

గీత చివరికి చేరింది. కాపీ పూర్తయిందని తెర మీద పడింది. అదే సమయానికి ధనరాజ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటది?"

జగన్నాధం అబద్ధం చెప్పబోయి మానుకున్నాడు. "దాలమ్మ కథ. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాను."

"పొద్దున్న సెరిపీసినాను గదా."

"పేరే చెరిగింది. కథ పోలేదు."

ధనరాజ్ మొహం నల్లబడింది. "అంటే పొద్దున్నించీ నన్ను యెదవని సేసి కూకున్నావా? నా కొట్లో, నా కరెంటు మీద?"

"యూరియా బొమ్మ నిజంగానే పోయింది. దాన్ని ఎవరూ పట్టుకుని లేరు. ఇది ఒక్కటే మిగిలింది."

"సరే, ఎక్కీసినాది గదా. అయిపోనాదని రాసి ఉంది, నాకూ సదువొచ్చు. పీకు. లెగండి."

"పీకితే పోతుంది." జగన్నాధం పెన్‌డ్రైవ్ చివర గబగబా కొట్టుకుంటున్న చిన్న దీపం చూపించాడు. "కెర్నెల్ ముందు మెమరీలోకి తీసుకుని అయిందనేస్తుంది. పెన్‌డ్రైవ్‌లోకి దించడం ఆ తర్వాత, దీని ఓపికను బట్టి. సగం సరుకు ఇంకా మధ్యలోనే ఉంది. ఇప్పుడు మెయిన్ దించితే అసలూ పోతుంది, నకలూ పోతుంది."

"మడిలోకి నీరెట్టినంతలో ఉప్పయిపోద్దేటి బాబూ," అంది దాలమ్మ.

"నువ్వూరుకో ముసలమ్మా. నాయన గొడౌను కాలినప్పుడు మీరెవులూ రానేదు. మెయిన్ ఎత్తి ఉంచి ఇంటికెల్లడం ఈ సేతులకి రాదు. కర్పూరమవగానే దించుతాను. మీ కథ ఉంటే ఉంటాది, పోతే పోతాది."

దాలమ్మ గోడ పట్టుకుని లేచింది. మాట వినబడాలంటే ఆమె దగ్గరికి రావాలి. ధనరాజ్‌కు మూరెడు దూరంలో నిలబడి తలెత్తి చూసింది.

"దించీ బాబూ. పెద్దాసుపత్రోళ్ళు నా గొంతు కోసినారు గానీ, మత్తిచ్చి కోసినారు. నువ్వు మత్తు లేకండా కోస్తన్నావు. అంతే తేడా."

ధనరాజ్ ధనధనా మెట్లు దిగిపోయాడు.

కింద గంట మోగింది. కర్పూరం వాసన మెట్ల మీదుగా పైకొచ్చింది. దాలమ్మ అలవాటుగా కళ్ళకు చేతులద్దుకుంది. జగన్నాధం పెన్‌డ్రైవ్ దీపాన్నే చూస్తూ కూర్చున్నాడు. చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. కెర్నెల్‌ను తొందరపెట్టలేడు, పెన్‌డ్రైవ్‌ను తొందరపెట్టలేడు, కిందున్నవాడిని బతిమాలితే ఇంకా బిగుసుకుంటాడు. గంట ఆగింది. చీకటి కోసం భుజాలు బిగపట్టుకున్నాడు.

నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కింద ఇనప స్టూలు ఈడ్చిన చప్పుడైంది. ఫోను మోగింది. ధనరాజ్ గొంతు, చిరాగ్గా: "తినీండి మీరు. రాను. ఏటంటే ఏటి? కొట్టు కాడే ఉన్నాను... అవునే దేవీ, మెయిన్ ఎత్తే ఉన్నాది. అందుకే కూకున్నాను."

దాలమ్మ జగన్నాధం వైపు చూసింది.

చాలాసేపటికి పెన్‌డ్రైవ్ దీపం కొట్టుకోవడం మాని నిలకడగా వెలిగింది. తీసుకోవచ్చని కెర్నెల్ మాటిచ్చింది. జగన్నాధం తీసి, మళ్ళీ గుచ్చి, ఆడించి చూశాడు. మొదలు చూశాడు, నడుమ చూశాడు, మంగళం చూశాడు. మంగళం పాడుతున్న దాలమ్మతో పాటు బల్ల పక్కనున్న దాలమ్మ పెదవులు కదిపింది. శబ్దం మాత్రం పెన్‌డ్రైవ్‌లోంచే వచ్చింది. ఆమె దాన్ని కొంగున ముడేసి రెండుసార్లు బిగించింది.

కిందికి దిగారు. మెయిన్ పెట్టె కింద స్టూలు మీద ధనరాజ్ వీపు తిప్పి కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర ఇసక బకెట్టు పెట్టుకున్నాడు. చూపు పెట్టె మీద నుంచి తిప్పలేదు.

"అయినాదా?" అన్నాడు గోడతో.

"అయింది."

"పొద్దున్నకి గది కాళీ."

"అలాగే బావా."

ఈసారి ఆ పిలుపుకు ధనరాజ్ ఏమీ అనలేదు. స్టూలు మీంచి లేచాడు.

"ఆవకాయ జాడీ కూడా తెచ్చిచ్చీ. మా ఇంట్లో జాడీలు సాల్తం లేదు." ఇసక బకెట్టు పక్కకి జరిపాడు. "అయిపోతేనే తే."

చెయ్యెత్తి మెయిన్ దించాడు. ఎదురుగా టీ కొట్టు టీవీలో దాలమ్మ మాట మధ్యలో మాయమైంది. మేడ మీద ప్లేయర్ చేతిలోని పార జారిపోయింది. ఇక మిగిలింది కొంగు ముడిలోదే. ఆమె చీకట్లో మెట్టు తడుముకుంటూ వీధిలోకి దిగింది. జగన్నాధం చెయ్యందించాడు.

రోజూ ఆ కొట్టు ఇనప తలుపు పడే చప్పుడుకు బజారు కుక్కలు ఉలిక్కిపడి లేచేవి. ఆ రాత్రి ధనరాజ్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, అరుగు మీద కుక్క చెవి కూడా కదలకుండా, మెల్లిగా మూశాడు.