మిణుగురుకి ఎన్ని పనులు

ఊరేసిన క్యాబేజీ ఆకుల్లో మాంసం పెట్టి చుడుతూ, మధ్యమధ్యలో చెయ్యి తుడుచుకుని లాప్‌టాప్‌లో ఫిర్యాదులకు జవాబులు రాస్తున్నాను. నా ఆదివారాలు ఇలాగే తెల్లారతాయి. మా లికురిచ్, అంటే మా రొమేనియన్ భాషలో మిణుగురు, రౌటర్లలాంటి చిన్న పెట్టెల్లో నడిచే బుల్లి లినక్స్ సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. పెళ్లైన కొత్తలో నేనూ మా ఆయన హొరాట్సియూ కలిసి మొదలుపెట్టాం. ఇప్పుడు సభల్లో మాట్లాడేది అతను. తప్పులు దిద్దడం, కొత్తవాళ్లకు విసుక్కోకుండా చెప్పడం, విడుదలకు ముందు ప్రతి పెట్టె మీదా నడిపి చూడటం నా వంతు. జీతం లేదు. పేరూ లేదనుకోండి.

"రోజంతా ఆ డబ్బా ముందే కూర్చుంటుంది, ఏం చేస్తుందో ఏమో! మావాడే పాపం దేశాలు పట్టుకు తిరుగుతున్నాడు" అని అత్తగారు పక్కింటావిడతో అనడం విన్నాను. ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది.

భోజనాల దగ్గర హొరాట్సియు హుషారుగా చెప్పాడు. "బుకారెస్ట్ కంపెనీవాళ్లకి మాటిచ్చేశా. ఇకమీదట ఆటలు, వీడియోలు, అన్నీ మన లికురిచ్‌లోనే."

"అవన్నీ పెడితే పాత పెట్టెల్లో పట్టదు. పల్లెటూరి బడులు వాటితోనే నెట్టుకొస్తున్నాయి. అయినా ఎవరు చేస్తారు?"

"నువ్వున్నావుగా! ఇంట్లోనేగా ఉండేది."

"కాస్త సర్దుకుపోవాలమ్మా" అంటూ అత్తగారు పళ్లెం నా ముందుకు తోసింది. "ఇంకో రెండు వెయ్యి."

వేశాను. చచ్చేంత అలసటగా ఉంది. ఎంత కావాలో అంతే చేస్తుంది కాబట్టే మిణుగురు ఇన్నాళ్లు బతికింది. నేనే ఎవరేం అడిగినా నెత్తినేసుకున్నాను.

మా పనిలో ఒక ఆచారం ఉంది. నచ్చనివాళ్లు కోడ్ మొత్తం తీసుకుని, వేరే పేరుతో వేరు కాపురం పెట్టుకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. గిన్నెలు సింకులో వదిలేసి ఆ పని చేశాను. మాతో పనిచేసేవాళ్లందరికీ ఒక్క మాట రాశాను: "చిన్న పెట్టెల పని ఇకపై ఇక్కడ. మిగతావి నేను చెయ్యను."

పొద్దున్నే హొరాట్సియు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"అందరూ నీ వెంటే వెళ్లిపోయారేంటి? లికురిచ్ నాది స్మరాండా!"

"నీదే. పేరు ముట్టుకోలేదు. కంపెనీకిచ్చిన మాటా నీదే."

ఫోన్ బల్ల మీద పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "శుక్రవారం విడుదల చెయ్యాలి. ఎలా చేస్తారో నాకు తెలీదు" అన్నాడు.

"మా సైట్‌లో కొత్తవాళ్లు ప్రశ్నలడిగే చోటుంది. అక్కడ రాయి, తీరికైతే చూస్తాను" అన్నాను.